ఒళ్ళు అలవకుండా అండగా నిలవడం ఎట్లా?

పక్కింట్లో మొగుడు పెండ్లాన్ని కొడతా ఉన్నాడు. రెండిండ్లకీ గోడ ఒకటే కాబట్టి మీకు వినబడక తప్పదు. కంగారు పడొద్దు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా చేసే సాయం చాలా ఉంది.

1. టీవీ సౌండు పెంచండి. ఏడుపు ఆగినాక తగ్గించండి.

2. పొద్దున ఆమె కొళాయి దగ్గర కనబడుతుంది, చెంప వాచి ఉంటుంది. "ఏమైందమ్మా?" అనొద్దు, చెప్పేస్తుంది. "బాత్రూంలో జారిపడినావా?" అని జవాబు మీరే అందించండి. తలూపుతుంది. బిందె నిండేలోపు పని అయిపోయింది.

3. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్లో పెట్టుకోవద్దు. ఏ రాత్రప్పుడు చేసినా పలుకుతారు, అదే చిక్కు. 2005 గృహహింస చట్టంలో నాలుగో సెక్షన్ జోలికైతే అసలే పోవద్దు. రక్షణాధికారికి ఎవరైనా కబురు చెప్పొచ్చంట, మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసే ఉండదంట. ఇది వీధికి తెలిస్తే "మనం కోర్టుల చుట్టూ తిరగాల" అనే సాకు ఏం గాను? తాతల నాటిది!

4. ముదిరితే పంచాయితీ పెట్టండి. అతనికి కుర్చీ వేయండి, ఆమె గుంజ పట్టుకుని నిలబడుతుంది. "ముందు నువ్వేమన్నావో చెప్పు" అని ఆమెనే అడగండి. కాఫీలు ఆమెతోనే పెట్టించండి. చేతికి కట్టుంటే చక్కెర మీరే కలుపుకోండి, జాలి చూపినట్టుంటుంది.

5. తర్వాత కాణిపాకం. ఇంక తాగను, కొట్టను అని వినాయకుడి ముందు ప్రమాణం చేయించండి. మెజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తే మీరినవాడికి ఏడాది దాకా జైలు. ప్రమాణానికైతే బస్సు చార్జీ చాలు. మాట తప్పితే స్వామి చూసుకుంటాడు, మీకేం పని?

6. "సర్దుకో" అనండి.

7. పురాణాలు చెప్పేటప్పుడు జాగ్రత్త. సీతమ్మ ఓర్పు ఎంతైనా చెప్పండి. కొండ కథ మాత్రం ఎత్తొద్దు. ఎదమీద తన్నిన భృగువుని స్వామి ఏమీ అనలేదని లక్ష్మీదేవి వైకుంఠమే వదిలి పోయింది. తిరుపతిలో ఆ కథ తెలియనివాళ్లు లేరు. ఆమెకు గుర్తు రాకపోతే మన అదృష్టం.

8. ఇంత చేసినా ఒకనాడు బట్టల సంచీ, బిడ్డ చేయీ పట్టుకుని, దెబ్బలు తిన్న ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే వన్ స్టాప్ సెంటరుకు పోయిందనుకోండి. వీధిలోకి వచ్చి "మాకొక్క మాట చెప్పుంటే మేం లేమా!" అనండి. ఈ ఒక్కటీ గట్టిగా అనాల, టీవీ కట్టేసి.