సామాను వ్యానులో, యజమాని కొండ మీద

జీతానికి నడిచేవాళ్లను చూశాను. మొక్కు తీర్చుకోవడానికి నడిచేవాళ్లనూ చూశాను. ఎదురు డబ్బు కట్టి, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వానలో నడిచేవాళ్లను చూడాలంటే మాత్రం ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌కు రావాలి. "చిన్న వాకే నాన్నా" అని నమ్మబలికి మా అబ్బాయి మమ్మల్ని తీసుకొచ్చాడు.

ఈ దారిని సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అంటారు. మైన్‌హెడ్‌లో మొదలై పూల్ రేవు దగ్గర ముగిసేసరికి 630 మైళ్లు. సముద్రం పక్క దారి చదునుగానే ఉంటుందనుకునే కాకినాడ బుద్ధి ఇక్కడ చెల్లదు. వాగు వచ్చినప్పుడల్లా కొండ దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఎక్కుళ్లన్నీ కూడితే సుమారు 35,000 మీటర్లు, ఎవరెస్టుకు దాదాపు నాలుగింతలు. ఎవరెస్టు ఎక్కినవాడి ఫొటో పేపర్లోనన్నా వేస్తారు.

ఇంత వంకర దారి ఎవరు వేశారయ్యా అంటే, విహారానికి వచ్చినవాళ్లు కాదు. 1822లో ఏర్పడ్డ కోస్ట్‌గార్డు వాళ్లు, దొంగతనంగా బ్రాందీ, పొగాకు దింపేవాళ్లను పట్టుకోవడానికి గస్తీ తిరిగిన బాట ఇది. ప్రతి ఇరుకు రేవులోకీ తొంగిచూడాలి కనక కొండ అంచునే నడిచేవారు. వాళ్లకు సర్కారు జీతమిచ్చేది. దొంగలు పోయారు, జీతాలు పోయాయి, గస్తీ మాత్రం మా నెత్తిన పడింది.

సామానుకు ఆ కష్టం లేదు. డబ్బు కడితే పెట్టెలను ఒక బస నుంచి మరో బసకు వ్యానులో చేరవేస్తారు. ఆవకాయ సీసాతో సహా మా పెట్టె నాకన్నా ముందే చేరి, గది మూల సేదతీరుతూ కనిపించేది. అందులో ఓ మనిషికి చోటుండదా అని అడిగాను. "దానికి ఇన్సూరెన్స్ ఒప్పుకోదు మామయ్యగారూ" అంది కోడలు. పెట్టెకు ఒప్పుకుందిగా!

సెయింట్ ఐవ్స్ నుంచి జెన్నర్ దాకా బండరాళ్లు, బురద. పొలాల మధ్య రాతిగోడ అడ్డమొస్తే మెట్లెక్కి అవతలికి దిగాలి. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని మా ఆవిడ గోడ మీద నిలబడగానే, ఆవు ఒకటి వచ్చి తడి ముట్టెతో నా చొక్కా చేతిని వాసన చూసింది. "ఏవండీ, గోమాత!" అంటూ ఆవిడ నా భుజం వదిలేసి రెండు చేతులా దణ్ణం పెట్టింది. ఆవూ నేనూ చెరోవైపుకు గెంతాం.

తిండి సంగతీ చెప్పాలి. ఇక్కడ పాస్టీ అని ఒకటుంది, కజ్జికాయలో దుంపకూర కూరినట్టుంటుంది. సెయింట్ ఐవ్స్ రేవు గోడ మీద నేనది నోటిదాకా తెచ్చానో లేదో, ఓ సీగల్ తన్నుకుపోయింది. వాటికి తిండి పెట్టొద్దని బోర్డుంది. నేనెక్కడ పెట్టాను?

సముద్రం అందంగానే ఉంది, కాదనను. నిలబడి చూస్తే వెనకబడతాం, నడుస్తూ చూస్తే పడతాం. అందుకని నేను ఎక్కువగా చూసింది నా బూట్లనే.

విదేశాల్లో పిల్లలున్న పెద్దలకు ఒక మనవి. వాళ్లు "చిన్న వాక్" అంటే ఎన్ని మైళ్లో అడగకండి, ఎంత ఎక్కాలో అడగండి. జెన్నర్‌కు రోడ్డు మీద బస్సుంది. ఆ సంగతి వాళ్లు చెప్పరు.