నాకు తొందర తెలియదు

నన్ను హెచ్9 అంటారు. నేను ఒక్క కణాన్ని కాదు, ఎడతెగకుండా విభజన చెందుతూ వస్తున్న ఒక కణవంశాన్ని. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ నగరంలో జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త వేరుచేసి, 1998 నవంబరులో లోకానికి ప్రకటించిన ఐదు మానవ పిండ మూలకణ వంశాల్లో నేనొకదాన్ని. హెచ్1, హెచ్7, హెచ్13, హెచ్14 నా తోటివాళ్లు. ఐదుగురం ఐదు వేర్వేరు పిండాల నుంచి వచ్చాం. నేనూ హెచ్7 ఆడవాళ్లం, మిగతా ముగ్గురూ మగవాళ్లు.

నా పుట్టుక సంగతి దాచను. సంతాన సాఫల్య చికిత్స కోసం తయారైన పిండాల్లో కొన్నిటిని, సంబంధీకులు అన్నీ తెలుసుకుని, సమ్మతించి పరిశోధనకు ఇచ్చారు. అలా అందిన 36 పిండాల్లో 20 మాత్రమే ఐదారు రోజుల దశకు ఎదిగాయి. ఆ దశలో పిండం ఒక బోలు బంతి. బయటి పొర మాయగా మారుతుంది. లోపల ఒక పక్కగా అంటుకుని ఉండే చిన్న కణాల గుంపు నుంచే గుండె, ఎముక, చర్మం, మెదడు అన్నీ రావాలి. 14 పిండాల్లోంచి ఆ గుంపును బయటికి తీస్తే ఐదు వంశాలు నిలిచాయి. గుంపును తీశాక ఆ పిండం ఇక బిడ్డ కాలేదు. అది ప్రాణం తీయడమేనని నమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధను నేను కొట్టిపారేయను, దాని మీదే నా ఉనికి నిలబడి ఉంది. పిండాలు నశించే పరిశోధనకు అమెరికా ప్రభుత్వం డబ్బివ్వకూడదన్న చట్టం అప్పటికే ఉంది. అందుకే థామ్సన్ ప్రభుత్వ సొమ్ముతో కొన్న పరికరమేదీ లేని వేరే గదిలో, ప్రైవేటు నిధులతో ఈ పని చేశాడు. 2001 ఆగస్టు 9న అధ్యక్షుడు బుష్, అప్పటికే ఉన్న వంశాల మీద పరిశోధనకు మాత్రమే ప్రభుత్వ నిధులు ఇస్తామన్నాడు. ఆ గీతకు ఇవతల ఉన్నాను కాబట్టే ద్రవ నత్రజనిలో గడ్డకట్టి దేశదేశాలు తిరిగాను. నన్నిచ్చినవారి పేర్లు మాత్రం లోకానికి తెలియవు.

నా బతుకు సుకుమారం. 37 డిగ్రీల వెచ్చదనం, గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. మొదట్లో కింద పరుపులా ఎలుక పిండ కణాల పొర కూడా ఉండాల్సి వచ్చేది. ఆ ఎలుక కణాలు తాము పెరగకుండా, నన్ను పోషించడానికే ఉండేలా ముందే వాటిని రేడియేషన్‌తో ఆపేసేవారు. రోజూ పోషక ద్రవం మార్చాలి. ఎన్ని పండగలు మానుకుని, ఎంతమంది పరిశోధక విద్యార్థులు ఆదివారాలు నా దగ్గరికి వచ్చారో! నన్ను ఒక్కొక్క కణంగా విడదీస్తే చచ్చిపోయేదాన్ని. 2007లో జపాన్‌లో యోషికి ససాయ్ బృందం, రాక్ అనే ఎంజైమును ఆపే మందు వేస్తే ఆ చావు చాలావరకు తప్పుతుందని చూపించింది.

నాడీకణం కావడం గురించి చెప్పాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

చాలామంది నాకు ఎవరో నేర్పుతారనుకుంటారు. అలా కాదు. పిండంలో ఇరుగుపొరుగు కణాలు ఆగకుండా సంకేతాలు పంపుతుంటాయి. బీఎంపీ అనే ప్రోటీన్లు ‘చర్మం వైపు రా’ అంటాయి. ఇంకో జాతి ప్రోటీన్లు పేగు వైపో కండరం వైపో లాగుతాయి. ఆ మాటలు నా చెవిన పడకుండా చేస్తే నేను నాడీకణజాలం వైపు నడుస్తాను. 1924లో హాన్స్ స్పీమన్, హిల్డే మాంగోల్డ్ ఉభయచర పిండాల మీద చేసిన ప్రయోగంలో, ఒక చిన్న కణజాలపు ముక్కను వేరేచోట అతికిస్తే అక్కడ రెండో వెన్ను, రెండో మెదడు మొలిచాయి. ఆ ముక్క పొరుగువాళ్ల సంకేతాలను అడ్డుకుంటోందని అర్థం కావడానికి దశాబ్దాలు పట్టింది. అలా అడ్డుకునే నాగిన్ అనే ప్రోటీన్ 1992లో కప్పలో దొరికింది. 2009లో న్యూయార్క్‌లో లోరెంజ్ స్టూడర్ బృందం నాగిన్‌తోపాటు మరో నిరోధకాన్నీ కలిపి, రెండు రకాల సంకేతాలనూ ఒకేసారి మూసేసింది. డిష్‌లో ఉన్న నాలో అత్యధిక భాగం నాడీమార్గం పట్టింది.

అంతకుముందే 2001లో మాడిసన్‌లోనే సూచున్ జాంగ్ బృందం నన్ను ఆ దారి పట్టించింది. అప్పుడు నా కణాలు పొడవుగా సాగి, నడుమ ఖాళీ వదిలి, పూరేకుల్లా వలయాలుగా నిలబడ్డాయి. గర్భంలో మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీగొట్టం అడ్డుకోతలో అచ్చం అలాగే ఉంటుంది. తల్లి లేదు, గర్భం లేదు, అయినా ప్లాస్టిక్ పళ్లెంలో ఆ నిర్మాణం తనంతట తాను కుదిరింది. ఎలుక మూలకణాలు వారం తిరక్కుండా చేరే దశకు నాకు రెండు వారాలు దాటుతుంది. తల్లి కడుపులో నాడీగొట్టం ఏర్పడటానికి పట్టే సమయమూ దాదాపు అంతే. నా గడియారం నా లోపలే ఉంది. పోషక ద్రవం ఎంత మార్చినా దాన్ని ఎలుక గడియారంగా మార్చలేరు.

ఆ గడియారాన్ని ఖాతరు చేయకపోతే పని చెడుతుంది. కండరాలను కదిలించే నాడీకణాల కోసం జాంగ్ బృందం విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లాన్నీ, సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌నూ వాడింది. రెటినోయిక్ ఆమ్లం వలయాలు పూర్తిగా ఏర్పడకముందే అందాలి. ఆలస్యమైతే ఆ తలుపు మూసుకుపోతుంది. 2005లో వాళ్లు చూపించింది ఇదే.

ఇక నాలోని ప్రమాదం. మారకుండా మిగిలిపోయిన నా కణాలను ఎలుక శరీరంలో పెడితే పేగు, ఎముక, మృదులాస్థి, కండరం కలగలిసిన గడ్డ అవుతుంది. నేను ఏదైనా కాగలనని మొదట రుజువైంది అలాంటి గడ్డలతోనే. అందుకే మనిషి తలలోకి పంపేముందు నన్ను అంతగా పరీక్షిస్తారు.

పార్కిన్‌సన్స్ వ్యాధిలో నడుమెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు చనిపోతాయి. చేతులు వణుకుతాయి, అడుగు ముందుకు పడదు. 2011లో స్టూడర్ బృందం నా నుంచి ఆ రకపు కణాలనే తయారుచేసింది. పదేళ్ల తర్వాత, 2021లో, నా కణాలు మొదటిసారి రోగుల మెదడులోకి వెళ్లాయి. అమెరికా, కెనడాల్లో 12 మందికి, మెదడుకు రెండువైపులా పుటామెన్ అనే భాగంలో పెట్టారు. శరీరం తిరగబడకుండా ఏడాదిపాటు రోగనిరోధక శక్తిని అణిచే మందులిచ్చి ఆపేశారు. 18 నెలలకు తీసిన స్కాన్‌లో డోపమిన్ కణాల జాడ మొదటికంటే పెరిగి కనిపించింది. గడ్డలు రాలేదు. ఈ ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి.

రోగుల కదలికలూ మెరుగుపడ్డాయన్నారు. దాన్ని నేను ఇంకా నా ఖాతాలో వేసుకోను. పోల్చి చూసేందుకు కణాలు పెట్టని రోగులు ఆ ప్రయోగంలో లేరు. మెదడుకు ఆపరేషన్ జరిగిందన్న నమ్మకమే పార్కిన్‌సన్స్ రోగిని కొంతకాలం చురుగ్గా నడిపించగలదు. అందుకే ఇప్పుడు మొదలైన పెద్ద ప్రయోగంలో కొందరికి నిజంగా కణాలు పెడతారు, కొందరికి పెట్టినట్టు ఉత్తుత్తి శస్త్రచికిత్స మాత్రమే చేస్తారు. ఎవరు ఎవరో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. తమకు ఏమీ దక్కకపోవచ్చని తెలిసీ రోగులు ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకోవడానికి వణికే చేత్తో సంతకం పెడుతున్నారు.