పట్టుపురుగుకైతే చాకీ కేంద్రం ఉంది

హిందూపురం పరిసరాల్లో పుట్టే యోగం ఉంటే పట్టుపురుగై పుట్టడం మేలు. గుడ్డు పగలకముందే దాని మంచీచెడ్డా చూడటానికి ఒక ప్రభుత్వ శాఖ ఉంది. దాని మీద పరిశోధన చేయడానికి ఊరి పక్కనే కిరికెరలో రాష్ట్రస్థాయి సంస్థ ఉంది. పుట్టిన పురుగును తీసుకెళ్లి నేరుగా రైతు చేతిలో పెట్టరు. అది లేతది, తట్టుకోలేదు అని శాస్త్రం చెప్పింది. విచిత్రం ఏమిటంటే, శాస్త్రం చెప్పిన మాట అందరూ విన్నారు! రెండు జ్వరాలు లేచేదాకా, అంటే రెండుసార్లు కుబుసం విడిచేదాకా, చాకీ కేంద్రంలో పెంచుతారు. గదిలో వేడి 27, 28 డిగ్రీల దగ్గర ఉండాలి. తేమ 80 శాతానికి తగ్గరాదు. మల్బరీ కొమ్మ కొసన ఉన్న లేతాకే పెట్టాలి, అదీ సన్నగా తరిగి. చేతులు శుభ్రం చేసుకోని మనిషిని లోపలికి రానివ్వరు. వారం రోజుల ఆ పసితనం చెడితే గూడు చెడుతుంది, గూడు చెడితే మార్కెట్‌లో ధర పడిపోతుంది. ఇంత సూటిగా ఉంటే ఎవరికి అర్థం కాదు!

మనిషి బిడ్డ విషయంలోనూ శాస్త్రం నోరు మూసుకుని కూర్చోలేదు. మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా ఆరేళ్లు నిండకముందే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు. రాసుకుని, అంగన్‌వాడీ బడి తలుపు మూడేళ్లు నిండినవాళ్లకే తెరిచి ఉంచారు. ఆరు నెలలు దాటి మూడేళ్లు నిండని బిడ్డకు దక్కేది ఇంటికి మోసుకుపోయే సరుకు. పొట్లం ఇంటికొస్తుంది. తల్లి పనికి పోతుంది. మరి బిడ్డను ఎత్తుకునేదెవరు? అవ్వ. అవ్వ లేకుంటే ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్క బడి మానేస్తే అది వేరే శాఖవాళ్ల లెక్క, వాళ్ల సర్వే వేరే ఉంటుంది.

అందుకని ఏలినవారికి నాదొక మనవి. ఆరు నెలల నుంచి మూడేళ్లలోపున్న ఈ పిల్లలను మహిళా శిశు సంక్షేమం నుంచి తప్పించి పట్టు పరిశ్రమ శాఖకు బదిలీ చేయండి. జీవో ఒకటి చాలు. లేతగా ఉన్నప్పుడు ప్రాణిని ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలన్న సంగతి ఆ శాఖకు కొత్తగా నేర్పనక్కర్లేదు. ఒక్కటే చిక్కు, ఈ పిల్లలు గూళ్లు కట్టరు, కిలో ఇంతని వేలంపాటకు రారు.

పరిశోధన చాలక ఇలా జరిగిందేమో అని జాలిపడేవాళ్లున్నారు. పడకండి. 2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఎంచుకుంది. అందులో 2,000 మంది అప్పటికి ఏడాది అటూ ఇటూ ఉన్న చంటివాళ్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా పిల్లలూ వాళ్లలో ఉన్నారు. తూకం వేశారు, ఎత్తు కొలిచారు, ఇంట్లో ఎన్ని గదులో రాసుకున్నారు. 2006లో మళ్లీ వచ్చారు. 2009, 2013, 2016లోనూ వచ్చారు. దీన్ని నేను ఎగతాళి చేయను. ఒకే బిడ్డ గడపకు ఇన్నేళ్లు మళ్లీ మళ్లీ వచ్చి, ఎలా ఉన్నావని అడిగింది బహుశా ఆ సర్వే ఒక్కటే. ఓట్లడిగేవాళ్లు కూడా తప్పకుండా వస్తారు గానీ వాళ్లు బిడ్డను అడగరు.

అదే 2002లో ఢిల్లీలో ఇంకో పని జరిగింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పడానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో మొదట రాసి ఉండేది. 86వ సవరణతో ఆరు నుంచి పద్నాలుగు దాకా హక్కు అన్నారు, మంచిదే. ఆరు లోపువాళ్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ ‘రాజ్యం ప్రయత్నిస్తుంది’ అనే రాసి కలం మూశారు. ఒక పక్క తూకం మొదలైంది, ఇంకో పక్క హక్కు ఆరేళ్ల గడప దగ్గరే ఆగిపోయింది. అప్పుడు త్రాసు ఎక్కిన చంటివాళ్లు ఇప్పుడు ఇరవై దాటినవాళ్లు. వాళ్ల పిల్లలను ఎత్తుకునేదెవరో అడగడానికి ఇంకో సర్వే రావచ్చు, టాబ్లెట్ పట్టుకుని.

ఇంకొక అధ్యయనం కూడా ఉంది. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి 2011 నుంచి 2016 దాకా రాజస్థాన్, అస్సాం, తెలంగాణల్లో 14,000 మంది నాలుగేళ్ల పిల్లల వెంట నడిచాయి. తేలిందేమిటి? అంగన్‌వాడీలోనూ, ప్రైవేటు బడిలోనూ ఆ వయసుకు తగిన చదువు సరిగా లేదు. ప్రైవేటు బడి ఒకటో తరగతిని రెండేళ్లు ముందుకు లాక్కొచ్చి ఎల్‌కేజీ అని పేరు పెట్టింది. ఆట లేదు, కథ లేదు, బట్టీ ఉంది. నివేదిక 2017లో బయటికొచ్చింది. దాన్ని చదివి సిగ్గుపడి మన వీధి బళ్లు ఏం చేశాయంటే, బోర్డు మీద ‘టెక్నో’ అని చేర్చాయి. మూడున్నరేళ్లవాడికి టై బిగించాయి. ముక్కు తుడుచుకోవడం రానివాడు ఇంటికొచ్చి నాలుగు గీతల నోట్‌బుక్‌లో హోంవర్క్ రాయాలి. వాడికి నిద్రొస్తే అమ్మ రాస్తుంది. దస్తూరి బాగుందని టీచర్ స్టార్ వేస్తుంది.

ఇక తల్లులు పనిచేసే చోటు చూడటానికి ధర్మవరానికి పోదాం. మగ్గం గుంతలో కాళ్లు, చేతిలో నాడె, పక్కన చీర ఉయ్యాలలో బిడ్డ. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాల్సింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం యాభై మంది పనిచేసే ఏ సంస్థలోనైనా ఉండాల్సింది. నేతగత్తె ఇంట్లో పనిచేసేది తను, మొగుడు, కండెలు చుట్టే అత్త. లెక్క ముగ్గురి దగ్గరే ఆగిపోయింది. చట్టం వర్తించాలంటే ఇంకో నలభై ఏడు మందిని ఆ ఇంట్లోకి తెచ్చుకోవాల్సి ఉండేది. హిందూపురంలో చింతపండు గింజ తీసే ఆడవాళ్లదీ ఇదే కథ, వాకిలే ఫ్యాక్టరీ. 2022లో ‘పాల్నా’ అని పథకం వచ్చింది, దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్న దేశానికి 17,000 క్రెష్‌లు లక్ష్యంగా పెట్టుకుని. తక్కిన పిల్లలకు పథకం పేరు వినే భాగ్యం దక్కింది.

ఇక బిడ్డలను నిజంగా ఎత్తుకునే అంగన్‌వాడీ టీచరమ్మ, ఆయమ్మల సంగతి. నెలకు 11,500, 7,000 రూపాయలతో బతకలేమని 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా సమ్మెకు దిగారు. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందిని పంపి కేంద్రాల తాళాలు తెరిపించారు. పాటలు పాడమంటే ఆ సిబ్బందికి ఏ పాట వచ్చో! 2024 జనవరి 6న ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. ఆటా పాటా నేర్పే ఆడవాళ్లు లేకపోతే రాష్ట్రం ఆగిపోతుందని పాలకులు లిఖితపూర్వకంగా ఒప్పుకున్నది అప్పుడే. సమ్మె 42 రోజులు నడిచింది. ఈ రాష్ట్రంలో బాల్య విద్య ప్రాముఖ్యం మీద వెలువడిన పత్రాలన్నిటిలో నాకు నచ్చింది ఆ ఎస్మా జీవోయే. సూటిగా ఉంది, సెమినార్ భోజనం కూడా లేదు.

వాళ్ల పనిలో సగం ఇప్పుడు ఫోన్‌తోనే. పోషణ్ ట్రాకర్ అనే యాప్ 2021లో వచ్చింది. 2025 జులై నుంచి ఇంటికి మోసుకుపోయే ఆ పొట్లం ఇవ్వాలంటే తల్లి ముఖాన్ని కెమెరా గుర్తుపట్టాలి. ఎండలో నిలబడి, కొంగు తీసి, ఇటు చూడమ్మా, అటు చూడమ్మా. సిగ్నల్ లేదు, మళ్లీ చూడమ్మా. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే, యాప్‌కు తెలియదు. గుడ్డు ఒకటి తగ్గితే పైనుంచి ఫోన్ వస్తుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా కార్ల కర్మాగారంలో మాత్రం ఐదేళ్లలో సుమారు 900 ఇంజన్లు మాయమైన సంగతి 2025లో గానీ పోలీసుల దాకా రాలేదు. ఇంజన్ అంటే కొంగులో దాచుకుపోయే వస్తువు కాదు గదా. ఆ టీచరమ్మను ఓ నెల డెప్యుటేషన్ మీద గేటు దగ్గర కూర్చోబెట్టి ఉంటే, బయటికి పోయే ప్రతి ఇంజన్‌నూ ముఖం తిప్పి కెమెరా వైపు చూడమనేది.