అమలాపురపుటరుగు పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: అమలాపురం గడియార స్తంభం సెంటరుకు కూతవేటు దూరంలో ఒకానొక అరుగు. ఆ ఇంటి పెద్దాయన మనవడు అమెరికాలో ఎమ్మెస్ ముగించాడు. అక్కడ ఏ రాష్ట్రంలో స్థిరపడితే మంచిదో తేల్చే భారం అరుగు నెత్తిన వేసుకుంది. మనవడు అడిగినట్టు ఆధారాలు లేవు. చర్చ ముదిరి టీ చల్లారిన వేళ రిటైరైన తెలుగు మాస్టారొకరు ఆశువుగా ఇలా అన్నారు.

మూలం (ఆటవెలది):

పన్ను లేని చోట భానుండు మండును
గుడులు కలుగు చోట కురియు మంచు
రెండు లేని చోట రేటు లాకాశమే
అమలపురపుటరుగె యమెరికాయె

టీక: పన్ను లేని చోట = టెక్సాసునందు. రాష్ట్ర ఆదాయపన్ను లేనివి ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ వగైరా ఇంకా ఉన్నా, ఈ అరుగు మీద పన్ను లేదంటే డాలసే. మేనల్లుళ్ళు అక్కడెక్కువ. భానుండు = సూర్యుడు; మండును = మన రోహిణి కార్తెను మరపించును. ఇక్కడ కొత్తపేట వ్యాఖ్యాత ఆక్షేపణ: “ఆయ్, మరి ఇంటి పన్ను మాటేంటండి?” నిజమే. జీతం మీద వదిలేసిన పన్నును ఆ రాష్ట్రం ఇంటి మీద గట్టిగానే రాబట్టుకుంటుంది. “మండును” అనడంలోనూ దోషముంది. 2021 ఫిబ్రవరిలో అదే టెక్సాసు గడ్డకట్టి, లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మాస్టారి సమాధానం: “అది శీతాకాలపు అపవాదం, సూత్రం చెడదు.”

గుడులు కలుగు చోట = న్యూజెర్సీనందు. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరుణ్ణి మనసులో పెట్టుకుని అన్నమాట. గుడి ఒక్కటే లెక్కయితే 1976లోనే వెంకన్న వెలసిన పిట్స్‌బర్గ్ పెన్సిల్వేనియాలో ఉంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో హనుమంతుడున్నాడు. కాబట్టి ఈ పాదం ఇప్పుడు పాతబడింది. కురియు మంచు = ఇది కొడుకుల బాధ. తల్లిదండ్రులు ఆరు నెలల విజిటర్ గడువును వేసవికి సర్దుకుని మంచు తగలకుండా తిరిగొస్తారు. పురుటికి వెళ్ళే తల్లికి మాత్రం నెల ఎంచుకునే వీలుండదు.

రెండు లేని చోట = ఎండా మంచూ బాధించని కాలిఫోర్నియానందు. రేటులు = ఇళ్ళ ధరలు. రాజోలు ప్రతిలో “రెంటు” అని పాఠాంతరం. గణభంగం లేదు, యతిభంగం లేదు, అర్థభంగం అసలే లేదు.

అమలపురపుటరుగె = అమలాపురంలోని అరుగే. దీర్ఘం గణాల కోసం త్యాగం చేయబడింది.

విశేషాంశం: మాస్టారు వదిలేసిన పక్షమొకటి ఉంది. దాన్ని కొబ్బరివాదం అంటారు. ప్రవర్తకుడు అంబాజీపేటలో కాయల వ్యాపారం చేసిన తాతగారు. ఆయన ప్రమాణం ఒక్కటే: పెరట్లో కొబ్బరిచెట్టు కాయని చోటు మనిషి ఉండదగినది కాదు. ఈ ప్రమాణానికి నిలిచేవి హవాయి, దక్షిణ ఫ్లోరిడా. హవాయిలో మనవాళ్ళెవరున్నారని సభ దాన్ని వెంటనే కొట్టేసింది. ఫ్లోరిడాను అంత తేలిగ్గా కొట్టేయలేం. 1878 జనవరిలో కొబ్బరికాయలతో వెళ్తున్న ప్రావిడెన్సియా అనే స్పానిష్ ఓడ అక్కడి తీరంలో ఒరిగిపోతే, దాదాపు 20,000 కాయలు అక్కడివాళ్ళ చేతికి చిక్కాయి. అవి నాటగా పెరిగిన తోటల వల్లే పామ్ బీచ్‌కి ఆ పేరు. చేతికందిన కాయను పాతిపెట్టకుండా ఊరుకోలేకపోయిన ఆ జనం మనకు దూరపు చుట్టాలని తాతగారి నమ్మకం. అయితే 1970 దశకంలో ఆకులు పసుపెక్కి మొవ్వు కూలిపోయే తెగులొకటి ఆ చెట్లను లక్షల్లో తినేసింది. పైగా ఏటా హరికేన్ల భయం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఇక్కడి తోటలను నేలకూల్చడం కళ్ళారా చూసినాయన, ఇంకో సముద్రపుటొడ్డున అదే కాపలా మనవడి చేత కాయించడం ఎందుకని తన వాదాన్ని తానే ఉపసంహరించుకున్నారు. ఈ టీకాకారుడికి మొత్తం చర్చలో నచ్చిన వాదం ఇదొక్కటే.

తాత్పర్యం: పై మూడు పాదాలూ పూర్వపక్షం, నాలుగోది సిద్ధాంతం. హెచ్-వన్-బీ దరఖాస్తు పెట్టేది మనిషి కాదు, కంపెనీ. ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడుంటే కాపురం అక్కడ. పనిచేసే చోటు మరో మహానగర ప్రాంతానికి మారాలంటే మళ్ళీ దరఖాస్తు సవరించాలి. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడాదికి 7 శాతం మించకూడదన్న పరిమితి ఉంది గనుక, భారతీయుల వరస కదిలేలోపు పిల్లలు కాలేజీకొస్తారు. కాబట్టి యాభై రాష్ట్రాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏరుకునే స్వేచ్ఛ అమెరికాలో ఉన్నవాడికి తక్కువ, అరుగు మీద ఉన్నవాడికి సంపూర్ణం. అందుకే కవి “అరుగె యమెరికాయె” అన్నాడు. దీన్ని అతిశయోక్తి అనేవారున్నారు. నేను స్వభావోక్తి అంటాను. నాలుగు పాదాలకూ యతి కుదిరింది, రాష్ట్రం కుదరలేదు.

ఉత్తరకథ: మనవడికి ఉద్యోగం ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో వచ్చింది. అక్కడ రాష్ట్రపు పన్నూ ఉంది, ఊరి పన్నూ ఉంది, మంచూ ఉంది. పద్యంలో ఒహాయో ప్రసక్తే లేదే అని నిలదీస్తే, “చోట” అని మూడుసార్లు వాడడంలోనే అది ధ్వనిస్తోందని మాస్టారు సెలవిచ్చారు. సభ ఒప్పుకుంది. కొలంబస్‌లో ఏ పేట మంచిదన్న దాని మీద చర్చ రేపు సాయంత్రానికి వాయిదా పడింది.