బాగున్న బండిని బాగుచేయడం ఎలా?

చెడిపోయిన బండిని బాగుచేయడం పెద్ద విద్యేం కాదు. సందు చివర వేపచెట్టు కింద కూర్చునే కుర్రాడు కూడా చేస్తాడు. శుభ్రంగా నడుస్తున్న బండిని పట్టుకుని బాగుచేయాలంటేనే చెయ్యి తిరిగినవాడు కావాలి. ఆదివారం పూట పోర్టికోలో గోనెసంచి పరుచుకుని, లుంగీ ఎగ్గట్టి, పానా పట్టబోతున్న గృహస్థుల కోసమే ఈ నాలుగు ముక్కలు.

ముందు బండి సంగతి. స్ప్లెండర్ అయితే శ్రేష్ఠం. 1994లో వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని చెడగొట్టాలని ఈ దేశంలో ప్రయత్నించని వాళ్లు లేరు. పాలవాళ్లు క్యాన్లు కట్టి చూశారు. రైతులు యూరియా బస్తాలు వేసి చూశారు. కుర్రాళ్లు ముగ్గురెక్కి చూశారు. ఆయిల్ అన్నదే మార్చకుండా ఏళ్ల తరబడి తిప్పి చూసినవాళ్లూ ఉన్నారు. 97.2 సీసీ, ఒక్కటంటే ఒక్కటే సిలిండరు, అయినా లొంగలేదు. దాన్ని లొంగదీసే పని మీ కోసమే మిగిలిపోయిందన్నమాట.

మాన్యువల్ చదవకండి. ఏ బోల్టు ఎంత బిగించాలి, చైను ఎంత వదులుండాలి, టైర్లో గాలి ఎంత ఉండాలి, అన్నీ అంకెలతో సహా అందులో ఉంటాయి. అవన్నీ ముందే తెలిసిపోయాక ఇక రిపేరులో మజా ఏముంది? దాని బదులు ఫోన్లో వీడియో చూడండి. అదీ సగమే. విప్పడం మొదటి సగంలో ఉంటుంది, బిగించడం రెండో సగంలో ఉంటుంది. ఆ రెండో సగం అవసరం సాయంత్రానికి గాని రాదు. అప్పటికి మీ చేతులకి గ్రీజు, ఫోన్‌కి ఛార్జింగ్ నిల్లు.

పనిముట్లకు డబ్బు తగలేయకండి. 10, 12, 14, 17 నంబర్ల రింగు పానాలు, ప్లగ్గు పానా, టీ స్పానర్లు, ఇవన్నీ మెకానిక్కులు మనల్ని బెదరగొట్టడానికి గోడకు తగిలించుకునే సరంజామా. ఇంట్లో కటింగ్ ప్లయరు ఉంది కదా! నట్టుకు ఆరు మూలలుంటాయి. ప్లయరుతో పట్టి నాలుగుసార్లు జారనిస్తే ఆరూ అరిగి గోలీలా నున్నబడుతుంది. ఇక దాన్ని ఏ దొంగా విప్పలేడు. మీరూ విప్పలేరనుకోండి, అది వేరే విషయం. స్క్రూల దగ్గరా ఇదే సూత్రం. జపాను డిజైను ఇంజన్ల మీద ఉండే స్టార్ స్క్రూల గాడి మన మామూలు స్టార్ స్క్రూడ్రైవరుకు సరిగ్గా అమరదు. బలంగా తిప్పితే అది పైకి లేచి గాడిని చెక్కేస్తుంది. చెక్కేసిందా? సుత్తి తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు ఘట్టం: ఆయిల్ మార్చడం. ఇంట్లో చేసుకోగలిగిన పనుల్లో ఇంత తేలికైంది లేదంటారు. కాబట్టి ఇంత నిశ్చింతగా పాడుచేయగలిగిందీ లేదు. ఇంజన్ని రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి కాస్త వేడెక్కాక తీస్తే పాత ఆయిల్ పలచబడి మడ్డితో సహా దిగిపోతుంది. మీరు మాత్రం తెల్లవారుజామున చల్లటి ఇంజన్ మీదే మొదలుపెట్టండి. సగం ఆయిల్, మొత్తం మడ్డి లోపలే భద్రంగా ఉంటాయి. కింద పెట్టడానికి వంటింట్లోంచి పప్పు గిన్నె తెచ్చుకోండి. ఎవరూ లేవకముందే తెచ్చుకోవడం మంచిది.

తర్వాత డ్రెయిన్ బోల్టు తిరిగి బిగించడం. బోల్టు ఇనుముది, అది దిగే కేసింగు అల్యూమినియంది. అల్యూమినియం మెత్తనిది. ఈ చిన్న భౌతికశాస్త్ర విషయాన్ని పక్కనబెట్టి, పానాకు అడుగున్నర పైపు తొడిగి, మోకాలు నేలకు ఆనించి, పళ్లు బిగబట్టి తిప్పండి. ఒక దశలో బోల్టు ఉన్నట్టుండి తేలిగ్గా తిరగడం మొదలవుతుంది. బిగిసిందనుకుని సంతోషించకండి, మర పోయింది. అల్యూమినియం సన్నటి తీగలుగా బోల్టుకు చుట్టుకుని వస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్లకు చూపించి ‘ఇంత చెత్త ఉంది లోపల’ అని చెప్పండి. బోల్టు కింద ఉండే వైసరు సంగతి ఎత్తకండి. పాతదే మళ్లీ వేసినా, అసలు వేయకపోయినా పోర్టికో గచ్చు మీద పడే మచ్చ ఒకటే.

ఇక పోయాల్సిన ఆయిల్. బావగారి కారు సర్వీసింగులో మిగిలిన డబ్బా అటక మీద ఉంటుంది, అదే పోయండి. ఆయిల్ ఏదైనా ఆయిలే. మన బళ్లలో ఇంజను, గేరుబాక్సు, క్లచ్చు మూడూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. అందుకే బైకు ఆయిల్ డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అనో ‘ఎంఏ2’ అనో చూసి కొనమంటారు. మామూలు కారులో క్లచ్చుకు ఇంజన్ ఆయిల్ తగలదు. కాబట్టి కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు ధారాళంగా కలుపుతారు. క్లచ్చు బతికేదే రాపిడి మీద. ఆ మందు తాగిన క్లచ్‌ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ఆలోచిస్తూ ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. పోసేటప్పుడు డిప్‌స్టిక్ మీది పై గీత దగ్గర ఆగొద్దు. ఎక్కువైన ఆయిల్ గొట్టం దారి పట్టి ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. ఫిల్టర్‌కి కూడా సర్వీసింగ్ అయినట్టే.

మధ్యలో మామ్మగారు వచ్చి, పెట్రోలు పోసిన మగ్గూ తులసికోట దగ్గర దీపమూ పక్కపక్కన ఉన్నాయేమిట్రా అంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేల మీదే పాకుతుంది అని ఆవిడ ఎక్కడా చదవలేదు. అయినా దీపం తీసుకెళ్లి లోపల పెడుతుంది. షట్టరు దించి ఇంజన్ ఆన్ చేయకురా అని కూడా అంటుంది. ఇవి రెండూ ఆవిడ చెప్పినట్టే చేయండి. బండిని ఎంతైనా పాడుచేయొచ్చు గాని పాడుచేయడానికి మనిషంటూ మిగలాలి కదా.

మామూలు సర్వీసింగుతో తృప్తి పడేవాడు సామాన్యుడు. మీకు అప్‌గ్రేడ్ కావాలి. స్ప్లెండర్‌కి వెనక సన్నటి టైరు వస్తుంది. దాని స్థానంలో పెద్ద బండి టైరు ఎక్కించండి. అది చైనుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది, మైలేజీ పడిపోతుంది, వీధి మలుపులో బండి తిరగనని మొరాయిస్తుంది. కానీ వెనక నుంచి ఫొటో బాగుంటుంది. హెడ్‌లైట్లో 35 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టండి. ఎదురొచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి, మీకు హోల్డరు కరిగిన వాసన వస్తుంది.

బుల్లెట్ ఉన్నవాళ్లు వీటితో సరిపెట్టుకోలేరు. వాళ్లకు సైలెన్సర్ మార్చకపోతే నిద్రపట్టదు. మార్చాక వీధికి పట్టదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెతకు ఇంతకన్నా మంచి బండి లేదు. 175 సీసీ దాటిన మోటారుసైకిల్‌కి శబ్ద పరిమితి 80 డెసిబెళ్లు. లోపలి జాలీ పీకేసిన గొట్టం ఆ గీతను మొదటి గేర్లోనే దాటేస్తుంది. అనుమతి లేకుండా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద, చేసిన ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సైలెన్సరు, హారను, లైట్లు కలిపి లెక్కేసుకోండి, మీ అప్‌గ్రేడ్ ఖర్చు ఎంతో తేలుతుంది. పోలీసులు ఇలాంటి సైలెన్సర్లన్నీ వరసగా రోడ్డు మీద పరిచి రోడ్డు రోలర్ ఎక్కించి తొక్కిస్తుంటారు. ఫొటోగ్రాఫర్లు కూడా వస్తారు. మీరు మోజుపడ్డ పేరు ప్రతిష్ఠలు అక్కడ దొరుకుతాయి.

మైలేజీ స్క్రూ గురించి చెప్పకపోతే పాపం. పాత కార్బురేటర్ బళ్లలో దాన్ని ఎటు తిప్పినా ఏదో ఒకటి జరిగేది, అందుకే తరతరాలుగా తిప్పారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి ఇంధనం సంగతి కంప్యూటర్ చూసుకుంటోంది, తిప్పడానికి ఆ స్క్రూ లేదు. నిరాశ పడొద్దు. పీకడానికి సెన్సర్ వైర్లు చాలా ఉన్నాయి.

పని అయ్యాక రెండు బోల్టులు, ఒక స్ప్రింగు, పేరు తెలియని బుష్షు ఒకటి మిగులుతాయి. కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు అనుకుని హార్లిక్స్ సీసాలో దాచండి.

సోమవారం ఉదయం బండి తోసుకుంటూ మెకానిక్ దగ్గరకు వెళ్తారు. ‘ఏమో బాబూ, ఉన్నట్టుండి ఆగిపోయింది, నేనేం ముట్టుకోలా’ అనండి. అతను నున్నబడ్డ నట్ల వంక, ఆ తర్వాత మీ గోళ్ల వంక చూసి, ‘సరే సార్, సాయంత్రం రండి’ అంటాడు. మర పోయిన కేసింగును లేతు షాపుకు పంపి, బుష్షు వేయించి, మళ్లీ మర తీయించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పూటలో అయిపోతుంది, చిన్న ఊళ్లో అయితే వారం. ఈ వారం రోజులూ ఆఫీసుకు బస్సులో వెళ్తూ, పక్క సీటాయనకు సొంతంగా సర్వీసింగ్ చేసుకుంటే ఎంత ఆదా అవుతుందో వివరించండి.

అప్పటికీ బండి దారికి రాకపోతే అమ్మకానికి పెట్టండి. ‘సింగిల్ హ్యాండ్, ఇంజన్ ఓపెన్ చేయలేదు, షోరూం ట్రాక్’ అని రాయండి. మన దగ్గర అమ్మకానికొచ్చే పాత బళ్లన్నిటికీ ఇవే గుణాలు. కానీ మీరే పాత బండి కొనాల్సి వస్తే మాత్రం ఫొటోలు, మాటలు పక్కనబెట్టి ముందు వంగి ఇంజన్ కింద డ్రెయిన్ బోల్టు చూడండి. తల గుండ్రంగా అరిగి, చుట్టూ తెల్ల సీలెంటు పూసి ఉంటే బేరం ఆడకుండా వచ్చేయండి.