అత్త సొమ్ముతో భూతదయ

దేశం మొత్తం మీద పోలైన ఓట్లలో ఒక పార్టీకి ఎంత వాటా వస్తే చట్టసభలో దాదాపు అంతే వాటా స్థానాలు ఇవ్వడాన్ని దామాషా ప్రాతినిధ్యం అంటారు. ఈ విధానాన్ని అనుసరించే నెదర్లాండ్స్ దిగువ సభలో 150 స్థానాలు ఉండగా, ఒక స్థానం దక్కడానికి ఓట్లలో నూట యాభయ్యో వంతు, అనగా 0.67 శాతం, తెచ్చుకొంటే చాలును. నియోజకవర్గంలో ఆరో వంతు ఓట్లు రాకపోతే డిపాజిట్ గల్లంతయ్యే భారతదేశంలో ఈ శాతం తెచ్చుకొన్న అభ్యర్థి లెక్కింపు సగంలో ఉండగానే కేంద్రం వెనుక గేటు నుండి ఇంటిదారి పడతాడు. నెదర్లాండ్స్ పార్లమెంటు ఉన్న హేగ్ నగరంలో మాత్రం అదే శాతానికి కుర్చీ, మైకు, జీతం, ప్రధానమంత్రిని నిలదీసే హక్కు లభిస్తాయి. 2006 నవంబరు ఎన్నికలలో 1,79,988 ఓట్లు, అనగా 1.8 శాతం, సాధించిన ‘జంతువుల పార్టీ’ రెండు స్థానాలు గెలిచి, ఒక దేశపు జాతీయ చట్టసభలో అడుగుపెట్టిన మొట్టమొదటి జంతుహక్కుల పార్టీగా ప్రపంచ చరిత్రకు ఎక్కడం ఈ ఉదారమైన గణితం వల్లనే సాధ్యమైంది.

పార్టీని 2002లో స్థాపించినవారిలో ఒకరు, 2006 నుండి సభలో దానికి నాయకత్వం వహించినవారు మారియాన్ టీమె. న్యాయశాస్త్రం చదివి, బొచ్చుతోళ్ళ వ్యాపారాన్ని వ్యతిరేకించే సంస్థలో పనిచేసిన ఈమెను జంతుహక్కుల ఉద్యమకారిణి అనాలే తప్ప జంతుసంక్షేమవాది అని సరిపెట్టడం కుదరదు. ఎందుకంటే సంక్షేమవాది కోడికి మరికాస్త విశాలమైన పంజరం కోరతాడు, హక్కులవాది అసలు పంజరం దేనికని అడుగుతాడు. మొదటి కోరికను ఏ ప్రభుత్వమైనా చిరునవ్వుతో ఆలకించి ఒక కమిటీకి అప్పగించగలదు కాని, రెండవ ప్రశ్న వినగానే వ్యవసాయ శాఖకు దగ్గు వస్తుంది.

అటువంటి ప్రశ్న ఆ దేశంలోనే పుట్టడానికి కారణం లేకపోలేదు. పార్టీ సభలో ప్రవేశించేనాటికి అక్కడ కోటీ అరవై లక్షల మంది మనుషులు, దాదాపు కోటీ పది లక్షల పందులు, తొమ్మిది కోట్ల మేర కోళ్ళు ఉండేవి. 1997లో స్వైన్ ఫీవర్ వ్యాపించినప్పుడు కోటికి పైగా పందులను, 2003లో బర్డ్ ఫ్లూ సోకినప్పుడు సుమారు 3 కోట్ల పక్షులను మట్టుపెట్టారు. చచ్చినవాటిలో అధిక భాగానికి ఆ జబ్బే లేదు. వీటన్నిటిలో శ్రద్ధగా పరిశీలించదగినది 2001 నాటి గాలికుంటు వ్యాధి. ఆ ఏడు వ్యాధి పాకకుండా రెండు లక్షల వరకు పశువులకు టీకా వేశారు, టీకా వేసిన తరువాత వాటిని కూడా చంపివేశారు. టీకా పడిన మందలు ఉన్న దేశం నుండి మాంసం కొనడానికి విదేశీ మార్కెట్లు వెనుకాడతాయి కనుక, రోగం నుండి కాపాడబడిన పశువును ఎగుమతి నుండి ఎవరూ కాపాడలేకపోయారు. టీకా ఖర్చు ఎవరి ఖాతాలో పడిందన్నది ఆర్థికశాస్త్రవేత్తలు తేల్చవలసిన విషయం.

సభలోకి వచ్చిన టీమె, ప్రాచీన రోమ్‌లో కేటో అనే సెనేటరు ఏ విషయం మాట్లాడినా చివర కార్థేజ్ నగరాన్ని నాశనం చేయాలని ముక్తాయించిన పద్ధతిని అరువు తెచ్చుకొన్నారు. చర్చ విద్య మీద జరిగినా, బ్యాంకుల మీద జరిగినా, ఆమె ప్రసంగం మాత్రం ఫ్యాక్టరీ తరహా పశుపోషణకు, అనగా జంతువులను యంత్రభాగాల వలె షెడ్లలో కిక్కిరిసి పెంచే పద్ధతికి, ముగింపు పలకాలన్న వాక్యంతోనే ముగిసేది. సభ్యులు ఆ వాక్యానికి అలవాటుపడ్డారు. కేటో మాటకు రోమ్ చివరకు సైన్యాన్ని పంపింది. టీమె మాటకు హేగ్ మర్యాదగా తల ఊపింది.

ఆవులు ఓటేస్తాయా అన్న ఎగతాళి ఇటువంటి పార్టీకి తప్పదు. ఓటు లేనివారి తరఫున మాట్లాడటం చట్టసభలకు కొత్తేమీ కాదని, ఓటు లేని చమురు కంపెనీకీ, ఓటు లేని బ్యాంకుకూ ప్రతి దేశపు సభలోను మాట తడబడని ప్రతినిధులున్నారని, వారు తమ పార్టీ పేరులో ఆ సంగతి చెప్పుకోరని, తేడా అంతవరకేనని గ్రహించినవారు ఎగతాళి తగ్గించవలసి ఉంటుంది. భారతదేశంలోనైతే జంతువు ప్రతినిధిగా కాక గుర్తుగా రాజకీయాలలోకి వచ్చింది. కాంగ్రెసు మొదట కాడెద్దులను, తరువాత ఆవుదూడను నమ్ముకొని ఓట్లడిగింది. ఎన్నికల ఊరేగింపులలో సజీవమైన గుర్తులను తిప్పి హింసిస్తున్నారన్న ఫిర్యాదుల మీద ఎన్నికల సంఘం జంతువుల బొమ్మలను కొత్తగా కేటాయించడం మానివేయగా, ఏనుగు, సింహం వంటి పాతకాపులు మాత్రమే మిగిలాయి. అలా ఆ మూగజీవాలకు ప్రజాస్వామ్యం చేసిన స్పష్టమైన మేలు, వాటిని ప్రజాస్వామ్యం నుండి తప్పించడమే అయింది.

జంతువుల పార్టీకి మేధావుల అండ పుష్కలంగా ఉండేది. జాబితా చివరి స్థానాలలో, గెలవడానికి కాక పేరుతో ఓట్లు లాగడానికి, ప్రముఖులను నిలిపే అలవాటు డచ్చి పార్టీలకు ఉంది. ఈ పార్టీ 2014 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలకు నోబెల్ బహుమతి పొందిన నవలాకారుడు జె.ఎం. కూట్సీని నిలపబోగా, ఆయన యూరోపియన్ యూనియన్‌లో నివసిస్తున్నట్టు రుజువు లేదని ఎన్నికల అధికారులు పేరు తిరస్కరించారు. పందికి లేని నివాస నిబంధన నవలాకారుడికి ఉండటం గమనార్హం.

అయితే ఈ చిన్న పార్టీ ఒక్కసారి సభనంతా తన వెంట నడిపించింది. అక్కడి చట్టం ప్రకారం వధకు ముందు పశువుకు స్పృహ తప్పించాలి. యూదులు, ముస్లింలు తమ మతవిధి ప్రకారం చేసే వధకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు తొలగించాలని టీమె పెట్టిన బిల్లు 2011 జూన్‌లో 116–30 ఓట్ల తేడాతో నెగ్గింది. రెండు సీట్ల పార్టీకి 116 ఓట్లు! క్రైస్తవ పార్టీలు మినహా కుడి, ఎడమ, మధ్యేవాదులందరికీ ఒకే మధ్యాహ్నం కరుణ పొంగింది. దేశంలో వధ అయ్యే కోట్లాది జంతువులలో ఈ మినహాయింపు కిందికి వచ్చేవి అతి స్వల్పం. మిగిలినవాటి షెడ్ల మీద ఆమె పలికే చివరి వాక్యానికి మాత్రం ఏ మధ్యాహ్నమూ మెజారిటీ కుదరలేదు. తెలుగువారు అత్త సొమ్ము అల్లుడి దానం అని దేన్ని అంటారో, దానికి పార్లమెంటు భాషలో సర్వామోదం అని పేరు పెట్టవచ్చును: నిషేధం పొరుగువాడి కత్తి మీద పడుతున్నంతవరకు కత్తులన్నీ క్రూరమైనవే. బిల్లు మరుసటి ఏడాది ఎగువ సభలో వీగిపోయింది. దాని స్థానంలో ప్రభుత్వం, మతసంస్థలు, వధశాలలు ఒక ఒప్పందం రాసుకొన్నాయి. కోసిన పశువు 40 సెకన్లలో స్పృహ కోల్పోకపోతే అప్పుడు స్పృహ తప్పించాలన్నది దాని సారాంశం. మతస్వేచ్ఛకూ జీవకారుణ్యానికీ మధ్య శతాబ్దాలుగా తెగని తగవును గడియారం చూసి తెంచిన ఘనత అలా డచ్చివారికి దక్కింది.

ఇదే కాలంలో జంతుప్రేమ ఇంకొక చిత్రమైన చోట మొలకెత్తింది. 2010లో అల్పసంఖ్యాక ప్రభుత్వానికి బయటి నుండి మద్దతిచ్చిన హెర్ట్ విల్డర్స్ పార్టీ, ముస్లింల వలసను ఆపాలన్న తన డిమాండ్లతో పాటు 500 మంది జంతు పోలీసులను కూడా రాయించుకొంది. జంతుహింస కనిపిస్తే పిలవడానికి 144 అనే ఫోన్ నంబరు కూడా వచ్చింది. తరువాతి ప్రభుత్వం దళాన్ని పలచన చేసింది, నంబరు మిగిలింది. పెంపుడు కుక్కను కొట్టినవాడి మీద ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చును కాని, చట్టబద్ధంగా నడిచే పందుల షెడ్డు మీద ఫిర్యాదు చేస్తే తీసుకొనే నంబరు ఏ ప్రభుత్వమూ ఏర్పాటు చేయలేదు.

2017లో జంతువుల పార్టీకి ఐదు స్థానాలు వచ్చాయి. అసలు భూకంపం మాత్రం టీమె ప్రసంగం వల్ల కాక కోర్టు వల్ల పుట్టింది: పశువుల పేడ, మూత్రం నుండి లేచే అమ్మోనియా రక్షిత అడవుల మీద, బీడు భూముల మీద పడి వాటిని పాడుచేస్తోందని తెలిసినా అనుమతులిచ్చే పద్ధతిని 2019 మేలో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టివేసింది. అంతట అధికార కూటమిలోని ఒక సభ్యుడే పశుసంపదను సగానికి తగ్గించవచ్చునని సూచించగా, అక్టోబరు 1న రైతులు ట్రాక్టర్లతో హేగ్ మీదికి కదిలారు. ఆ ఉదయం దేశంలో ట్రాఫిక్ జాములు మొత్తం వెయ్యి కిలోమీటర్లు దాటాయి. అదే నెలలో టీమె సభ నుండి తప్పుకొని నాయకత్వాన్ని ఎస్తర్ ఔవెహాండ్‌కు అప్పగించారు. పదమూడేళ్ళు ఆమె పలికిన వాక్యాన్ని చివరకు శ్రద్ధగా విన్నవారు రైతులే. విని, తమకొక పార్టీ పెట్టుకొన్నారు. కారొలీన్ వాన్ డెర్ ప్లాస్ నాయకత్వంలోని ఆ రైతు–పౌర ఉద్యమం 2023 ప్రాంతీయ ఎన్నికల మీదుగా ఎగువ సభలోని 75 స్థానాలలో 16 గెలిచి, 2024 జులైలో వ్యవసాయ మంత్రి పదవినే చేపట్టింది. జంతువుల పార్టీ అప్పటికి ఆరు స్థానాల నుండి మూడుకు దిగి, 2025లో కూడా ఆ మూడింటినే నిలబెట్టుకొంది. ఆ ఏడాదే ఐరోపా సైనిక వ్యయాన్ని పెంచడానికి పార్టీ నాయకత్వం సుముఖత చూపినందుకు స్థాపకురాలు టీమె తన సభ్యత్వాన్ని వదులుకొన్నారు. కోళ్ళ విషయమై ఏనాడూ చీలని పార్టీ ట్యాంకుల విషయమై చీలింది.

ఈ పతనానికి ముందు పార్టీకి మరొక విజయం కూడా చిక్కింది. కిక్కిరిసిన షెడ్లలో పందులు విసుగెత్తి ఒకదాని తోక ఒకటి కొరుక్కొంటాయి కనుక, పిల్లగా ఉన్నప్పుడే తోక కత్తిరిస్తారు. అనగా షెడ్డును పందికి తగినట్టు కట్టడం కన్నా పందిని షెడ్డుకు తగినట్టు కోయడం చవక. జంతువును ఫలానా రకం గూటిలో ఉంచవలసి రావడం దానిని బాధించడానికి తగిన కారణం కాబోదన్న ఈ పార్టీ సవరణ 2021లో ఉభయసభలలోను నెగ్గింది. నెగ్గిన తరువాత సభ్యులు తాము ఆమోదించినదానిని చదివారు. పంజరంలోని చిలుకకు కూడా ఇది వర్తిస్తుందా అని పత్రికలు అడిగాయి, అమలు కష్టమని వ్యవసాయ శాఖ గుర్తించింది, 2024లో ఆ సవరణను తొలగించి, జంతువుకు తగిన పశుపోషణను 2040 నాటికి సాధించాలన్న కొత్త నిబంధనను చేర్చారు. వివరమైన నియమాలు రాసే పని కొత్త మంత్రి శాఖకు, అనగా ట్రాక్టర్ల పార్టీ చేతికి, వచ్చింది. మాంసానికి పెంచే పంది సుమారు ఆరు నెలల వయసుకే వధశాలకు చేరుతుంది గనుక, 2021 నుండి లెక్కిస్తే ఈ సంస్కరణ ఫలం దాదాపు ముప్ఫై ఎనిమిదో విడత పందులకు అందవచ్చును.