సలమాంకా స్నాతకులు

ఆత్మజ్ఞానమునకై మన పూర్వులు జన్మజన్మాంతరముల తపస్సును విధించిరి. ఐరోపాఖండపు విశ్వవిద్యాలయములవారు ఈ విషయమున మిక్కిలి దయాళువులు. వారికి ఐదు నెలలు చాలును. ఇరువది యేండ్ల యువకుడొకడు రెండు మూడు పత్రములపై సంతకము చేసి, చవుక విమానమెక్కి, స్పెయిను దేశమున నొక సెమిస్టరు గడపి వచ్చినచో, భాషయు, సంస్కృతియు, విశాలదృష్టియు, విశ్వపౌరత్వమును, తుదకు తన్ను తాను తెలిసికొనుటయు సమకూరునని వారి కరపత్రములు ఘోషించుచున్నవి. ఉపనిషత్తులు నేతి నేతి యని తడబడుచు చెప్పిన సంగతిని, నవ్వుచున్న నలుగురు యువతీయువకుల ఛాయాచిత్రము క్రింద రెండు పంక్తులలో నింత నిస్సంశయముగా చెప్పగలుగుట సామాన్యమైన పురోగతి కాదు.

ఈ విద్యార్థి వినిమయ పథకమునకు ఎరాస్మస్ అని పేరు. 1987లో 3,244 మందితో ఆరంభమై లక్షలకు పెరిగిన ఈ యాత్రకు ఏండ్ల తరబడి అగ్రతీర్థము స్పెయినే. నామకరణము చేసినవారు చరిత్ర నెఱిగి చేసిరో, ఎఱుగక చేసిరో గాని, రోటర్‌డాము పండితుడగు నా ఎరాస్మస్సును కార్డినల్ సిస్నేరోస్ స్పెయినునకు రమ్మని సాదరముగా నాహ్వానింపగా ఆయన పోలేదు. పోకుండుటయే కాక, ఆ దేశము తనకు రుచింపదని 1517లో మిత్రుడగు థామస్ మోరునకు జాబు వ్రాసెను. అయినను ఒక్క విషయమున ఆయన నేటి యాత్రికులకు నిజమైన కులగురువే. పారిసులో నున్నను, కేంబ్రిడ్జిలో నున్నను, బాసెలులో నున్నను ఆయన వ్రాసినది లాటినే, వాదించినది లాటినుననే. నాటి లాటిను పీఠముపై నేడు ఇంగ్లీషు కూర్చున్నది. భేదమేమనగా, ఆయన క్రొత్త నిబంధన గ్రీకు మూలమును లాటిను అనువాదముతో పరిష్కరించి 1516లో ప్రకటించెను. వీరు ఈ రాత్రి ఎచ్చట కలిసికొనవలెనన్న సమస్యను ఇంగ్లీషులో పరిష్కరించుచున్నారు.

సలమాంకా నగరమునే తీసికొందము. లియోను రాజగు తొమ్మిదవ అల్ఫోన్సో 1218లో స్థాపించిన విద్యాపీఠమచ్చట నున్నది. నెబ్రీహా పండితుని కాస్తీలియా భాషావ్యాకరణము 1492లో ఆ యూరనే అచ్చుపడినది. మతవిచారణాధికారులు నాలుగేండ్లకు పైగా చెఱనుంచిన లూయిస్ దె లెయోన్ అను ఆచార్యుడు పాఠములు చెప్పిన శాలయు నచ్చటనే యున్నది. ఇన్నిటి నడుమ మన యాత్రికుడు చేయు ప్రథమకార్యమేది? విశ్వవిద్యాలయపు శిలాద్వారముముందు మెడ యెత్తి నిలిచి, చెక్కడములలో నొక పుఱ్ఱెపై కూర్చున్న కప్పను వెదకుట! పరుల సాయము లేక దానిని కనుగొన్నవాడు పరీక్షలో తప్పడని ఐతిహ్యము. ఎనిమిది శతాబ్దముల విద్యాసంప్రదాయమును కప్ప యొక్కటి ఇంత సులభముగా సంక్షేపించి పెట్టుచుండగా ఉపన్యాసములకు పోవువాడెవ్వడు?

పోవుట యనిన జ్ఞప్తికి వచ్చినది. సెమిస్టరునకు ముప్పది క్రెడిట్లు గడింపవలెనని ఒడంబడికలో నుండును. ఆ ఒడంబడికను సవరించుటయందు విద్యార్థి చూపు నైశిత్యమును వ్యాకరణమునందు చూపినచో నెబ్రీహా ధన్యుడై యుండెడివాడు. ఏ పాఠము శుక్రవారము లేదో, ఏ ఆచార్యుడు విదేశీయులయెడ కరుణామయుడో, పదింట ఐదు మార్కుల గీటును ఎచ్చట శ్రమ లేక దాటవచ్చునో, ఈ శాస్త్రము ముందు వచ్చినవారినుండి తరువాతివారికి గురుపరంపరగా సంక్రమించుచున్నది. అద్దె యింటిలో ఒక జర్మనుడు, ఒక ఇటలీవాడు, ఒక పోలండు పిల్ల, ఒక ఐరిషువాడు కాపురముందురు. స్పెయినువారు మాత్రము గోడకు ఆవలి యింటిలో నుందురు, సద్దు చేయవద్దని అర్ధరాత్రమున గోడ తట్టుచుందురు. స్థానిక ప్రజలతో సంస్కృతీ సంపర్కమనగా ముఖ్యముగా నిదియే. ప్లాసా మయోరు గడియారము క్రింద గుమిగూడుట, బీరు తెమ్మనుట, లెక్క తెమ్మనుట: ఈ సంధ్యావందనమునకు కావలసినంత స్పానిషు మొదటివారముననే పట్టుబడును, తక్కిన నెలలు దానిని వల్లెవేయుటకే చాలును. వారాంతమున పోర్తో, లిస్బను, మరాకేషు. స్పెయినును క్షుణ్ణముగా నెఱుగుటకు వచ్చినవానికి ఆ దేశమున చక్కగా తెలిసినది విమానాశ్రయమే.

ఇచ్చట నొక మాట చెప్పక తీరదు. పొలము తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి, డల్లాసునకు పోయిన మన తెలుగు పిల్లవాడు నలుగురు తెలుగు పిల్లలతో నొక గదిలో నుండి గోంగూర పప్పు వండుకొనినచో, వాడు ఆ దేశముతో కలియడనియు, కూపస్థమండూకమనియు నిందింతురు. ఐదు దేశముల పిల్లలు సలమాంకాలో నొక యింట చేరి, ఆ యూరి భాష నొక్కటి విడిచి, సేమ్యాలుడకబెట్టుకొనినచో అది విశ్వమానవత్వము! మనవాడు కనీసము ఆత్మజ్ఞానమునకై పోయితినని చెప్పడు. అప్పు తీర్చుటకై పోయితినని చెప్పును. ఆ నిజాయితీకి మాత్రము ప్రశంసాపత్రమెవ్వరును ఇయ్యరు.

ముదుసలి యింటిదానితో ప్రతిరాత్రియు తప్పుల స్పానిషులో తగవులాడి, పేటలోని బృందగానమున చేరి, మొదటి నెలలు మూగవాడై కుమిలి, చివరి నెలలో నోరు విప్పిన విద్యార్థియు లేకపోలేదు. వాడు తిరిగివచ్చి, ఆ దేశము నాకు కొంచెమే బోధపడినదనును. అట్టివాని ఛాయాచిత్రము కరపత్రమునకు పనికిరాదు.

పూర్వము సలమాంకాలో సోపిస్తాలనబడు బీదవిద్యార్థులుండెడివారు. మన వారాలబ్బాయివలెనే వారును కొయ్యగరిట చేతబట్టుకొని మఠముల వాకిళ్లయందు సూపు యాచించి చదువుకొనెడివారు. పట్టము గోరువానికి పరీక్షయు సామాన్యము కాదు. ముందునాటి రాత్రి పాత కతీడ్రలులోని శాంతా బార్బరా మందిరమున, బిషప్పు సమాధిపై పాదములుంచుకొని ఒంటరిగా చదివి, తెల్లవారి ఆచార్యుల ప్రశ్నలకు లొంగవలెను. గెలిచినవాడు సింహద్వారమున ఊరేగి పోయెడివాడనియు, వాని పేరు ఎఱ్ఱని లిపిలో గోడ కెక్కెడిదనియు, ఓడినవాడు బండ్లు పోవు వెనుకదారిని జాఱుకొనెడివాడనియు చెప్పుదురు.

ఆ యాచారమును పునరుద్ధరింపవలెనని నా సవినయ విజ్ఞప్తి. వినిమయ విద్యార్థి స్వదేశమునకు మరలుటకు ముందొక రాత్రి ఆ సమాధికడ జాగరణ మొనర్చి, ఉదయమున, ఇంగ్లీషు ముక్క దొర్లనీయక, తాను ఐదు నెలలలో తెలిసికొనిన సంస్కృతిని ఒక్క పావుగంట స్పానిషులో వివరింపవలెను. పరీక్షకులుగా పెద్ద పండితులక్కఱలేదు, గోడకు ఆవలి యింటివారు చాలుదురు. ఐతే ఖర్చు విషయమై విశ్వవిద్యాలయమువారిని ముందుగా హెచ్చరించుట న్యాయము: ఎఱ్ఱరంగు చిన్న డబ్బా యొకటి పదియేండ్లకు వచ్చును గాని, వెనుకద్వారమును మాత్రము తక్షణమే వెడల్పు చేయింపవలసి యుండును.